మర అంటే స్క్రూనా, మిల్లా?

ఫిట్టర్_నోట్సు
ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. ఇంగ్లిష్ పుస్తకాలు ఉన్నాయి గానీ, వచ్చేవాళ్ళలో చాలామంది పదో తరగతి దాకా తెలుగులోనే చదివినవాళ్ళు. బట్టీ పడతారు తప్ప బుర్రకెక్కదు. బోల్టు, నట్టు, ఫైలు, వైస్ లాంటి మాటల జోలికి నేను పోలేదు, అలాగే ఉంచాను. త్రెడ్ (బోల్టు మీద మెలితిరిగి ఉండే చుట్లు) అన్నచోట మాత్రం మర అని రాశాను. బోల్టు మర, మర వెయ్యడం, ఎడమ మర, ఇలా.

చూసిపెట్టమని ఒక పెద్దాయనకు ఇస్తే, మర కనబడిన ప్రతిచోటా ఎర్ర సిరాతో కొట్టేసి స్క్రూ అని రాసి పంపారు. చివర్లో ఒక ముక్క: "మర అంటే పిండిమర, బియ్యంమర. అంటే యంత్రం. పిల్లలు తికమకపడతారు."

మా ఇంట్లో మర అంటే చుట్లే. నాన్న "దీని మర పోయింది, పారెయ్" అంటే ఆ బోల్టు ఇక బిగుసుకోదని అర్థం. మీ దగ్గర మర అంటే ఏంటి? అచ్చుకు వెళ్ళేలోగా తేలాలి.

గోదారి_గట్టు
పెద్దాయన చెప్పింది నిజమేగా. "పిండి మర పట్టించుకురా" అంటే మిల్లుకు పంపుతున్నట్టే. మా వైపు మర అంటే అదే. మరకు వెళ్ళాడు అంటే స్క్రూలోకి దూరాడని ఎవరూ అనుకోరు 😄

లేత్_బాబు
వర్క్‌షాపులో పుట్టి పెరిగినవాడిగా చెప్తున్నా, మర అంటే చుట్టే. మర వేశావా, మర దిగిందా, మర మీద మర ఎక్కింది. రోజూ ఇదే భాష. కొట్టేసినాయన ఎప్పుడూ చేత్తో నట్టు పట్టుకుని ఉండరు.

గోదారి_గట్టు
@లేత్_బాబు, ఆయన్నెందుకండీ అంటారు. రెండు అర్థాలున్నాయని ఆయన అనలేదు, అంతే. పిల్లల మీద ప్రేమతోనే కొట్టేసి ఉంటారు.

సుభద్ర_పిన్ని
మీరంతా మిల్లులు, వర్క్‌షాపులు అంటున్నారు. మర ఉన్నది ఆడవాళ్ళ చెవుల్లో. దిద్దులకు వెనకాల బిగించే చిన్న బిళ్ళ ఉంటుంది చూడండి, దాన్ని మేం మర అనే అంటాం. "మర వదులైంది, తలస్నానం చేసేటప్పుడు తీసి పెట్టుకో" అని మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పేవారో. అది గచ్చు మీద పడి దొర్లిందంటే ఇల్లంతా మోకాళ్ళ మీద పాకాల్సిందే.

పాతపుస్తకాల_పురుగు
నిఘంటువుల్లో రెండు అర్థాలూ దొరుకుతాయి, స్క్రూ అనీ, యంత్రం అనీ. కాబట్టి ఎవరూ తప్పు కాదు. కానీ మర చేరిన మాటలన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే సంగతి ఇంకా బాగుంటుంది.

మరచెంబు, మరమేకు. ఈ రెండింటిలో మర అంటే చుట్టే, అనుమానం లేదు.
మరమగ్గం, మరపడవ, మరమనిషి, మరబియ్యం, గాలిమర. ఇక్కడ యంత్రం.
మరబొమ్మ దగ్గర రెండూ కలుస్తాయి. కీ తిప్పితే ఆడే బొమ్మ. తిప్పేదీ ఉంది, యంత్రమూ ఉంది.
మరతుపాకి దగ్గర ఆగిపోయాను. దాని సంగతి ఎవరైనా చెప్పండి.

నల్లరేగడి
గాలిమరలు మా రామగిరి కొండల మీద బోలెడు. అనంతపురం వైపు వచ్చినవాళ్ళు చూసే ఉంటారు. పేపర్లో గాలిమర అని రాస్తారు, మా ఊళ్ళో ముసలివాళ్ళు ఫ్యాన్లు అంటారు. "కొండ మీద ఫ్యాన్లు."

సుభద్ర_పిన్ని
మరచెంబు అనగానే ప్రాణం లేచొచ్చింది! మా అమ్మమ్మది ఇత్తడిది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పైన గుండ్రటి పట్టె, మెడ దగ్గర చుట్లు, మూత తీసి బోర్లిస్తే అదే గ్లాసు. రైల్లో ఎంత ఊగినా చుక్క కారదు. చింతపండుతో తోమినప్పుడు మర సందుల్లో పులుసు ఉండిపోతుంది, దాన్ని పాత బ్రష్షుతో గీకకపోతే పచ్చగా చిలుం పట్టి మూత బిగుసుకుపోతుంది. ఈ కాలం సీసాలకు ఆ అందం ఎక్కడిది.

లేత్_బాబు
పిన్నిగారూ, చెంబు మీద మర చేత్తో వేసేవాళ్ళంటే ఆ పనివాడికి దణ్ణం పెట్టాలి. మూతకు లోపల, మెడకు బయట, రెండూ ఒకే వాలులో రావాలి. వాలు కాస్త తేడా వచ్చినా మూత సగంలో పట్టేస్తుంది.

సాంచల_చప్పుడు
మాది సిరిసిల్ల. మరమగ్గాల ఊరని పేపర్లు రాస్తాయి. కానీ మా దగ్గర ఎవ్వరూ మరమగ్గం అనరు. సాంచ అంటారు. "నాన్న సాంచలు నడుపుతడు", "రాత్రి సాంచల చప్పుడుకు నిద్ర పట్టదు." నేను మరమగ్గం అన్న మాట మొదటిసారి బడిలో సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివిన. అది మా ఇంట్లో ఉన్నదే అని తర్వాత తెలిసింది.

పిండి మర కూడా మాకు లేదు. గిర్ని. గిర్నికి పోయి పట్టించుకొస్తం.

రేవు_కబుర్లు
అచ్చం మా సంగతే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది, 61 రోజులు. ఆ వార్తల్లో మరపడవలు అని రాస్తారు. రేవులో నిలబడి మరపడవ అంటే ఎవరూ తల తిప్పరు. బోటు అనాలి. ఇంజను బోటు, సోనా బోటు. మరపడవ పేపరువాళ్ళ మాట, మాది కాదు.

పాతపుస్తకాల_పురుగు
ఈ రెండు పోస్టులూ చాలా విలువైనవి. యంత్రం అన్న అర్థంలో వచ్చే మాటల్లో సగానికి సగం పత్రికలు కట్టినవన్నమాట. పవర్‌లూమ్‌కు మరమగ్గం, రోబోకు మరమనిషి. బాగా కట్టారు, చదవగానే తెలుస్తాయి. కానీ నోట్లో ఆడుతున్న మర ఎక్కడుందంటే లేత్_బాబు వర్క్‌షాపులో, పిన్నిగారి దిద్దుల్లో, గోదారి_గట్టు గారి పిండిమిల్లులో. మూడింటిలో రెండు చోట్ల చుట్టు అనే అర్థమే.

గోదారి_గట్టు
లెక్కలు బాగానే వేస్తున్నారు గానీ, మిల్లును మర అనేవాళ్ళు మా జిల్లాలో ఎంతమందో తెలుసా? ఒక్క మిల్లు అని తక్కువ చేయకండి.

పానా_పట్టినోడు
హైదరాబాద్ మెకానిక్ షెడ్లలో మర వినబడదు. పేచ్ అంటాం. స్క్రూడ్రైవర్ పేచ్‌కస్, స్పానర్ పానా. ఉర్దూలో పేచ్ అంటే మెలిక, స్క్రూ కూడా. మీరంతా వాడే పేచీ ఉంది చూడండి, పేచీ పెట్టాడు, పేచీకోరు, అది కూడా అక్కడి నుంచి వచ్చిందే.

సుభద్ర_పిన్ని
అయితే మా ఆడపడుచు పేచీలన్నీ మరలే అన్నమాట 😂

చెన్నై_తెలుగువాడు
తమిళంలో కూడా ఈ మాట ఉంది. మరై అంటారు. బుర్ర సరిగా లేనివాణ్ణి "మరై కళండవన్" అని ఆటపట్టిస్తారు, మర ఊడినవాడు అని. మనం స్క్రూ లూజు అంటాం, వాళ్ళు ఇంట్లో మాటతోనే అనేస్తున్నారు. మామూలు స్క్రూని తిరుగాణి అంటారు, తిరిగే మేకు.

నల్లరేగడి
మరి మరమ్మతు? మర + మతు? యంత్రం బాగుచెయ్యడం అని అర్థం కుదురుతోందిగా.

పానా_పట్టినోడు
కాదు అన్నా. మరమ్మత్ అరబీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది. మరతో సంబంధం లేదు. షెడ్డులో రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది.

గోదారి_గట్టు
మరదలు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఎవరైనా చెప్పేస్తే ఈ రాత్రికి నిద్రపోతా.

పాతపుస్తకాల_పురుగు
@గోదారి_గట్టు, అది చుట్టరికంలో మాట, చుట్లలో మాట కాదు :)

నాకు ఇంకో ఆలోచన వస్తోంది. మరలు, మరలించు, మరల. మూడింటిలోనూ తిరగడం ఉంది. మరలి వచ్చాడు అంటే వెనక్కి తిరిగి వచ్చాడని. తిరిగే చుట్టుకు మర అని పేరు రావడం సహజంగానే ఉంది కదా. తిరిగే రాయి తిరుగలి అయినట్టు, తిరిగే మిల్లు మర అయి ఉండవచ్చు. అప్పుడు చుట్టు, యంత్రం రెండూ ఒకే మూలంలోంచి వచ్చినట్టు అవుతుంది.

చెన్నై_తెలుగువాడు
వినడానికి బాగుంది. కానీ ఇప్పుడే మరమ్మతు దగ్గర చూశాంగా, పోలిక ఉందని చుట్టరికం కలిపితే ఎక్కడికి పోతామో. ఇది ఊహగానే ఉంచండి, నోట్సులోకి ఎక్కించొద్దు.

పాతపుస్తకాల_పురుగు
ఒప్పుకుంటున్నాను. నోట్సులోకి అక్కర్లేదు. ఇక్కడ మాట్లాడుకోవడానికే.

లేత్_బాబు
మరతుపాకి గురించి నేను చెప్తా. తుపాకి గొట్టం లోపలికి చూస్తే మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి. గుండు వాటి మీదుగా గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది, అందుకే గాల్లో తడబడకుండా సూటిగా పోతుంది. రైఫిల్‌కు ఆ పేరు వచ్చింది ఆ గాళ్ళ వల్లే. కాబట్టి మరతుపాకి అంటే రైఫిల్ అయ్యుండాలి.

రేవు_కబుర్లు
కాదండీ. యుద్ధం వార్తల్లో మరతుపాకులతో కాల్పులు అని రాస్తే అది మెషిన్ గన్. ఎప్పుడూ అంతే.

లేత్_బాబు
వార్తల సంగతి అది. గొట్టంలో ఉన్నది మరే కదా అంటున్నా.

రేవు_కబుర్లు
ఉంది. మెషిన్ గన్ గొట్టంలోనూ ఉంది. అలాగైతే రెండూ మరతుపాకులే!

డ్రాయింగ్_బోర్డు
పైనుంచి కింద దాకా చదివాను. అందరూ మాట ఎక్కడిదో చూస్తున్నారు, పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడో ఎవరూ చూడట్లేదు. నేను డిజైన్ ఆఫీసులో పని చేస్తాను. రేపు వాడి చేతికి వచ్చే డ్రాయింగ్ మీద ఎం8 × 1.25 అని ఉంటుంది. ఎం అంటే మెట్రిక్ త్రెడ్, 8 అంటే బయటి వ్యాసం 8 మిల్లీమీటర్లు, 1.25 అంటే పిచ్. సూపర్‌వైజర్ త్రెడ్ అంటాడు, ఇంటర్వ్యూలో త్రెడ్ అంటారు. మర అని నేర్పితే వాడు అక్కడ బిక్కమొహం వేస్తాడు. నాకూ తెలుగంటే ఇష్టమే. కానీ ఇది పొట్టకూటి విషయం.

ఫిట్టర్_నోట్సు
@డ్రాయింగ్_బోర్డు, మీరు చెప్పింది కాదనను. త్రెడ్ అన్న మాట రాకుండా ఒక్క పిల్లవాణ్ణి కూడా బయటికి పంపను. నా బాధ వేరే. పిచ్ అంటే ఏంటో చెప్పమంటే "త్రెడ్‌కీ త్రెడ్‌కీ మధ్య డిస్టెన్స్" అని గడగడా చెప్తారు. బోల్టు చేతికిచ్చి ఎక్కడుందో చూపించమంటే తెల్లమొహం వేస్తారు. అదే "మరకూ మరకూ మధ్య ఎడం, నట్టు ఒక చుట్టు తిప్పితే ఎంత ముందుకు పోతుందో అంత" అంటే వెంటనే గోరు పెట్టి చూపిస్తారు. ఇంట్లో విన్న మాట కాబట్టి.

డ్రాయింగ్_బోర్డు
ఇంట్లో విన్న పిల్లలకు సరే. సాంచల_చప్పుడు గారి ఊరి పిల్లలకు?

సాంచల_చప్పుడు
మిల్లును మర అనం గానీ, "బోల్టు మర పోయింది" అనడం మాకూ ఉంది. సాంచ మీద నట్లు ఊకె వదులైతయి, రోజూ బిగించుడే. మర అంటే తెలవకపోవుడేం లేదు.

పానా_పట్టినోడు
షెడ్డులో మేం అనకపోయినా మా అమ్మ అంటది. బాటిల్ మూత సరిగా పడకపోతే "మర సరిగ్గా ఎక్కియ్యి" అంటది.

గోదారి_గట్టు
చూశారా, మా మిల్లు ఒంటరిదైపోయింది. సరే, బోల్టు దగ్గర మర అంటే చుట్టే అని నేనూ ఒప్పుకుంటా. మా వైపు కూడా "నట్టు మర" అంటారు. అక్కడ మిల్లు ఎవరికీ గుర్తు రాదు, పక్కన ఉన్న మాట చెప్పేస్తుంది.

లేత్_బాబు
గోదారి_గట్టు గారు అసలు పాయింటు పట్టుకున్నారు. పక్కన ఏ మాట ఉందో దాన్ని బట్టే తెలిసిపోతుంది. పిండి మర, బోల్టు మర. తికమక ఎక్కడుంది?

మరో విషయం. మర అని నేర్పితే చేతికి పని వస్తుంది. మర మీద మర ఎక్కడం అంటే ఏంటో నాకు మా మేస్త్రీ చూపించాడు. బోల్టు వంకరగా పెట్టి తిప్పితే ఒక చుట్టు రెండో చుట్టు మీదికెక్కి రెండూ చితికిపోతాయి. అలా కాకుండా ఉండాలంటే బోల్టు పెట్టి ముందు ఎదురు తిప్పాలి. నెమ్మదిగా. ఒకచోట టక్కుమని చిన్నగా కిందికి జారి కూర్చుంటుంది, వేలికి తెలుస్తుంది. మర మొదలు మర మొదలుకు తగిలిందన్నమాట. అప్పుడు బిగించు, వెన్నలా పోతుంది. స్పానర్ జోలికి పోకుండా వేళ్ళతో తిరిగినంత దూరం తిప్పాలి. ఇది రాయండి నోట్సులో.

సుభద్ర_పిన్ని
దిద్దుల మరకు కూడా ఇదే! ఎదురు తిప్పితే టక్ అంటుంది. మా అమ్మ నేర్పింది. వర్క్‌షాపులో కూడా ఇంతేనన్నమాట.

ఫిట్టర్_నోట్సు
@లేత్_బాబు, రాస్తాను, మీరు చెప్పిన మాటల్లోనే. ఆ "టక్" కూడా ఉంచుతాను. ఎడమ మర గురించి మీ వాళ్ళు ఎలా చెప్తారు?

లేత్_బాబు
సైకిల్‌తో మొదలుపెట్టండి, అందరికీ తెలిసింది. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ ఎడమ మర, అంటే ఎదురు వైపు తిప్పితే బిగిసేది. మామూలుదే వేస్తే తొక్కగా తొక్కగా ఊడి వచ్చేస్తుంది. తర్వాత టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందు ప్లాస్టిక్ బిళ్ళ, అది కూడా ఎడమదే. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇది తెలియక ఎంతమంది దాన్ని ఇంకా బిగించి పగలగొట్టారో.

తర్వాత వెల్డింగ్ షాపు. ఇది సరదా కాదు, పిల్లలకు గట్టిగా చెప్పండి. ఆక్సిజన్ సిలిండర్‌కు మామూలు మర, ఎసిటలిన్‌కు ఎడమ మర. ఒకదాని రెగ్యులేటర్ ఇంకోదానికి ఎక్కకూడదనే అలా పెట్టారు. ఎసిటలిన్ వైపు నట్టు మూలల మీద గాట్లు ఉంటాయి, చూడగానే ఎడమ మర అని తెలియడానికి. ఎక్కట్లేదని బలవంతం చేశావంటే ప్రాణాల మీదికి వస్తుంది.

డ్రాయింగ్_బోర్డు
ఈ పోస్టు చదివాక కొంత మెత్తబడ్డాను. అయినా ఒక షరతు. మొదటిసారి వచ్చినచోట "మర, అంటే త్రెడ్" అని రాయండి. పటాల మీద, పట్టికల్లో త్రెడ్ మాత్రమే ఉంచండి. పైపుల అధ్యాయంలో బీఎస్‌పీ (బ్రిటిష్ స్టాండర్డ్ పైపు త్రెడ్) గురించి తప్పకుండా రాయండి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల కోణం మన నీళ్ళ పైపుల మర మీద ఇంకా బతికే ఉంది. మెట్రిక్‌ది 60 డిగ్రీలు, పిచ్ కూడా వేరు. అందుకే అరంగుళం పైపుకు దగ్గర కొలత మెట్రిక్ ఫిట్టింగు ఎక్కించబోతే రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అరంగుళం బీఎస్‌పీలో అంగుళానికి 14 మరలు.

లేత్_బాబు
"అంగుళానికి 14 మరలు" అని మీరే రాసేశారు సార్ 😀

డ్రాయింగ్_బోర్డు
రాయడానికి తేలిగ్గా ఉంది మరి.

పాతపుస్తకాల_పురుగు
ఫిట్టర్_నోట్సు గారూ, ఆ పెద్దాయన స్క్రూ అని దిద్దారు చూడండి, నిజానికి అక్కడే చిక్కు. స్క్రూ అనేది వస్తువు. మీరు చెప్తున్నది దాని మీద ఉన్న చుట్టు గురించి. నట్టుకూ చుట్టు ఉంటుంది, పైపుకూ ఉంటుంది, చెంబుకూ ఉంటుంది. అవేవీ స్క్రూలు కావు. "నట్టు స్క్రూ పోయింది" అంటే ఎవరికైనా ఏం అర్థమవుతుంది? వస్తువుకు స్క్రూ, చుట్టుకు మర. ఇలా వేరుచేసి చూపిస్తే ఆయన కూడా ఒప్పుకుంటారు.

సాంచల_చప్పుడు
ఇది మంచిగుంది.

పానా_పట్టినోడు
+1. పేచ్‌లో కూడా మాకు ఈ తేడా లేదు, రెండింటికీ అదే మాట. మీ మర దగ్గర ఉంది.

ఫిట్టర్_నోట్సు
నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. ఇక్కడ అనుకున్నదంతా చెప్పాను. పాతపుస్తకాల_పురుగు గారి మాట, నట్టుకూ చెంబుకూ ఉండేదాన్ని స్క్రూ అనలేం కదా అన్నది, వినగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే లోపలికి వెళ్ళి ట్యాపు (రంధ్రం లోపల మర వేసే పనిముట్టు), దాన్ని తిప్పే ట్యాపు రెంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఎం8 మర వెయ్యాలంటే ముందు రంధ్రం 6.8 వెయ్యమని రాశావా? అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి అని రాశావా? నూనె సంగతి?" అని వరసగా అడిగారు. మొదటి రెండూ ఉన్నాయి. నూనె గురించి ఒక్క వాక్యమే ఉంది, దాన్ని పెంచమన్నారు. ట్యాపు లోపల విరిగితే ఎలా తీయాలో విడిగా ఒక పేజీ ఉండాలన్నారు.

మర ఉంటుంది. మొదటిసారి వచ్చినచోట త్రెడ్ అని పక్కన ఉంటుంది, పట్టికల్లో త్రెడ్ మాత్రమే. వస్తువుకు స్క్రూ.

గోదారి_గట్టు
మిల్లు?

ఫిట్టర్_నోట్సు
కింద గమనికలో పెట్టాను: "కొన్ని ప్రాంతాల్లో పిండిమిల్లును కూడా మర అంటారు."

గోదారి_గట్టు
కొన్ని ప్రాంతాల్లోనా! గోదావరి జిల్లాల్లో అని పేరు పెట్టి రాయండి.

లేత్_బాబు
విరిగిన ట్యాపు పేజీ రాసేటప్పుడు చెప్పండి. అల్యూమినియంలో విరిగితే ఒక పద్ధతి, స్టీలులో విరిగితే ఇంకోటి. రెండూ వేరే థ్రెడ్‌లో రాస్తాను.

సుభద్ర_పిన్ని
వేరే మరలో అనండి!